వీపు మీది చిన్న రెక్క

దగ్గరికి జరుగు నడీన్. ఆ బకెట్టు పక్కకు నెట్టి ఈ పెట్టె మీద కూర్చో, శాలువా నిండా కప్పుకో. సరస్సు మీద నుంచి వచ్చే ఈ గాలికి ముసలి ఎముకలకంటే లేత ఎముకలే ముందు వణుకుతాయి. నేను చెప్పబోయేది ఒక్క శరత్కాలం సంగతి. కొండవాలు మీద ఆకులు పసుపెక్కినప్పుడు మొదలై, ఒడ్డున నీళ్ళు గడ్డకట్టే వేళకు ముగిసిపోయింది. ఆ కాస్త కాలంలోనే మీ చిన్నమ్మమ్మ రోజలీ మీద నేను పడ్డ కుళ్ళును కుండలకెత్తి దాచి ఉంటే, వాటిని పెట్టుకోవడానికి మన పడవల షెడ్డు చాలేది కాదు.

నువ్వు పుట్టేసరికే ఎర్ర సాల్మన్లు ఇక్కడ మామూలైపోయాయి. ఆ రోజుల్లో ఈ సరస్సుకు సాల్మన్ పేరు ఉండేది గానీ చేప ఉండేది కాదు. కింద నదికి అడ్డంగా డ్యాము కట్టినప్పుడు నేను పాలపళ్ళు ఊడుతున్న పిల్లని, రోజలీ అమ్మ వీపున మూటలో ఉంది. సముద్రం నుంచి నది ఎక్కి వచ్చిన చేపలు ఆ గోడకు తలలు బాదుకుని అక్కడే ఆగిపోయాయి. ఖాళీ అయిన సరస్సులోకి గాలం సరదా సంఘం వాళ్ళు ఏటా వసంతంలో లారీలతో ట్రౌట్ చేపల్ని తెచ్చి వదిలేవారు. పెద్ద గొట్టంలోంచి జారి పడేవి, గరిటెతో పళ్ళెంలో కూర వడ్డించినట్టు. వాటిని పట్టడానికి కాల్గరీ నుంచీ వాంకూవర్ నుంచీ జనం కార్లేసుకుని వచ్చేవారు. వాళ్ళకు పడవలూ గదులూ అద్దెకిచ్చేది మీ తాత విల్ఫ్రెడ్. వాళ్ళు పట్టిన చేపల్ని కోసి, తోమి, కాగితంలో చుట్టి ఇచ్చేది నేను. మన ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ ట్రౌట్ చలవే.

రోజలీకి అది గిట్టేది కాదు. డ్యాము పక్కన చేపలు ఎక్కడానికి మెట్లు కట్టించాలని పదిమందిని కూడగట్టి ఆఫీసుల చుట్టూ తిరిగింది. కట్టించింది కూడా. మన చేపలు మిగిలి ఉండవని పక్క లోయ నది చేపల గుడ్లు తెచ్చి, వాగు ఒడ్డున రేకుల షెడ్డులో పొదిగించి, పిల్లల్ని వాగులో వదిలింది. వదిలేముందు ఒక్కొక్క పిల్లనూ చేతిలోకి తీసుకుని, వీపు మీద తోకకు దగ్గరగా ఉండే మెత్తటి చిన్న రెక్కను బుల్లి కత్తెరతో కత్తిరించేది. సముద్రం చూసి తిరిగొచ్చిన రోజున ఇది మన షెడ్డు పిల్లే అని తెలియడానికి అదే గుర్తు.

"ఏమే, చేపలకు చెవులు కుట్టిస్తున్నావా? భోజనాలు ఎప్పుడు?" అని ఎగతాళి చేసేదాన్ని.

"తిరిగొచ్చినప్పుడు. నిన్నే ముందు పిలుస్తాలే అక్కా," అనేది నవ్వుతూ.

దాని నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ శరత్కాలం మొదట్లో మన హాల్లో సభ పెట్టారు. వేయించిన రొట్టెలూ సాస్కటూన్ పళ్ళ జామూ నేనే మోసుకెళ్ళాను. గాలం సంఘం పెద్ద లైల్ హాస్కెల్ కూడా వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, మీ తాతకు స్నేహితుడే. కాకపోతే తన మాటకు తానే తలూపుకునే రకం.

"మీ పిల్లల్ని మా ట్రౌట్ తింటున్నాయన్నారు, లారీలు సగానికి తగ్గించాం," అన్నాడు. "నాలుగేళ్ళయింది. మావాళ్ళు నన్ను నానా తిట్లూ తిడుతున్నారు. ఒడ్డున మంచు కట్టేలోగా రెక్క తెగిన చేప ఒక్కటంటే ఒక్కటి చూపించండి, లారీలు పూర్తిగా ఆపించేస్తాను. చూపించలేకపోతే వసంతంలో లారీలు నిండుగా వస్తాయి, ఆ రేకుల షెడ్డుకు తాళం పడుతుంది. ఏదో దారి తప్పిన చేపను తెచ్చి ఇదే అదంటే మాత్రం నేనొప్పుకోను."

"వస్తుంది," అంది రోజలీ. అంతే అంది.

అప్పుడు మా పెద్దాయన ఇగ్నేస్ కర్ర ఊతంతో లేచాడు. "వస్తే ఎదురెళ్ళి మొదటిదాన్ని చేతుల్లోకి తీసుకునేదెవరో ఇప్పుడే అనుకుందాం. మొదటి చేపకు పాడే పాట వచ్చింది రోజలీకే. పెంచింది రోజలీయే. ఇంక మాటెందుకు?"

హాలంతా తలలూపింది. నేను జాము గిన్నె పట్టుకుని గోడవారన నిలబడ్డాను, నా తల ఒక్కటే ఊగలేదు.

పెద్దకూతుర్ని నేను కదా! మా ఇంట్లో మొదటి చేపను చేతుల్లోకి తీసుకుని కోసేది పెద్దకూతురే. అమ్మ కోస్తుంటే పక్కన నిలబడి చూసింది నేను, ఆ చేప తిన్నది నేను, అమ్మ కత్తి ఉన్నది నా దగ్గర. పాట మాత్రం నాకు రాలేదు. పాట నేర్చుకునే వయసులో సర్కారువాళ్ళు నన్ను లారీ ఎక్కించి దూరాన ఉన్న పాదిరీల బడికి తీసుకుపోయారు. రోజలీకి ఛాతీలో దగ్గుందని వదిలేశారు. అలా అది అమ్మ పక్కలో పడుకుని పాటంతా నేర్చేసుకుంది. నడీన్, ఎవరైనా ఒకరి నగల మీద కుళ్ళుకుంటారు, మొగుడి మీద కుళ్ళుకుంటారు. నేను నా చెల్లెలి దగ్గు మీద కుళ్ళుకున్నాను.

సభయ్యాక అది నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, అమ్మ కత్తి ఒక్కరోజు ఇస్తావా?"

"దాంతో నేను ట్రౌట్ కోస్తున్నాను. కంపు."

"కడుక్కుంటాలే."

"ముందు చేపను రానీ. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే తొట్టెలు కట్టేస్తున్నావు."

అది నా చేతిలోని జాము గిన్నె తీసుకుని కడగడానికి పోయింది. మారు మాట్లాడినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకో సందు దొరికేది.

ఇక చూడు, రోజూ పొద్దున్నే వాగుకు అడ్డంగా కట్టిన తడక దగ్గర తొడల్లోతు నీళ్ళలో అదే నిలబడటం. చేప వస్తే తడకకు తగిలి ఆగుతుంది, ఇది చూస్తుంది. మొదట్లో ఊరు ఊరంతా ఒడ్డున దుప్పట్లు పరుచుకుని కూర్చుంది. రేడియో వాళ్ళు వచ్చి దానితో మాట్లాడి 'ఈ లోయకు తల్లి' అన్నారట. నేను చేతిలో ఉన్న ట్రౌట్ తల ఒక్క వేటుకు తెగ్గొట్టాను. పిల్లా లేదు పీచూ లేదు, పెళ్ళే చేసుకోలేదు, తల్లెట్లా అయింది? నలుగుర్ని కని పెంచినదాన్ని నా దగ్గరికి ఏ రేడియో రాలేదు.

ఒకరోజు మీ తాత ఫ్లాస్కు నిండా కాఫీ పోసుకుని బయల్దేరుతున్నాడు.

"ఎక్కడికి?"

"తడక దగ్గరికి. నీళ్ళలో నిలబడీ నిలబడీ కొయ్యబారిపోతోంది పాపం."

"మన కడుపు కొట్టేవాళ్ళకు కాఫీ మోసే మగాణ్ణి నిన్నే చూశాను. ఆ చేప వస్తే లారీలు ఆగుతాయి. లారీలు ఆగితే నీ పడవల్లో కప్పల్ని ఎక్కించుకుని తిప్పుతావా?"

"తిప్పుతా. కప్పలైతే బేరమాడవు," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అవి వచ్చినప్పుడు వాగులో నీళ్ళు కనపడేవి కావని మా నాన్న చెప్పేవాడు డెల్ఫీన్. పోయేలోగా ఒక్కసారి చూడాలనుంది. నీకు లేదా?"

"నేను చూశాను. తిన్నాను కూడా. నీ ముద్దుల మరదలే ఎరగదు."

"అందుకే కదా," అన్నాడు. "దానికి నీ మీద ఎంత కుళ్ళో నీకు తెలీదు."

నేను నమ్మలేదు. నమ్మితే నా కుళ్ళు కాస్త పలచబడుతుందేమోనని భయం.

ఆకులన్నీ రాలిపోయాయి. పొద్దున్నే పడవ తాళ్ళు బిర్రబిగుసుకుపోయి, విప్పబోతే పటపటలాడేవి. ఒడ్డున కూర్చున్న జనం ఒక్కొక్కరే దుప్పట్లు చుట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. హాస్కెల్ మాత్రం రోజూ కారులో వాగు వంతెన మీద ఆగి, అద్దం దించి, నీళ్ళ అంచు కేసి చూసి పోయేవాడు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మీ తాత పడవ వేళకాని వేళ తిరిగొచ్చింది. ఇంజను గొణుగుతున్నట్టు వస్తోంది. పడవలో కాల్గరీ పళ్ళ డాక్టరు ఉన్నాడు, ఏటా వచ్చేవాడే. ముఖం కందగడ్డలా ఉంది.

"నా గాలానికి పడింది, నా చేప! ఈయన కనీసం ఫోటో కూడా తీసుకోనివ్వడేం?" అని నా మీదికి అరిచాడు.

మీ తాతకు ఆ అరుపు వినపడుతున్నట్టే లేదు. పడవ అడుగున మోకాళ్ళ మీద ఉన్నాడు. ముందు తడి గోనెసంచి, దాని మీద రెండు చేతులు.

"డెల్ఫీన్," అన్నాడు. సంచి మీద నుంచి చేతులు తీశాడు. "నువ్వే తీసి చూడు."

సంచి తొలగించాను. ప్రాణం అప్పటికే పోయింది. ఒళ్ళంతా ఎరుపు, తల నాచు రంగు, మూతి కొస కొంకిలా వంగి ఉంది. అమ్మ చేతుల్లో ఎలా చూశానో అలాగే ఉంది, ఒక్క పొలుసు తేడా లేదు.

"ట్రౌటే కదా?" అన్నాడు పళ్ళ డాక్టరు, కాస్త తగ్గి.

"నీకు పళ్ళు తెలిసినట్టు మాకు చేపలు తెలుసు నాయనా. లోపల పొయ్యి మీద సూపుంది, పోసుకుని తాగు."

అతను లోపలికి వెళ్ళాడు. మీ తాత అటు తిరిగి టోపీతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళంతా తేనె పూసినట్టయింది. ఇన్నేళ్ళకు వచ్చిన చేప రోజలీ తడక దగ్గరికి పోలేదు. నా రేవుకొచ్చింది! పెద్దకూతురి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది!

వీపు నిమిరాను. తోక దగ్గరికి వచ్చేసరికి నా బొటనవేలికి మెత్తగా ఏదో తగిలింది. చిన్న రెక్క. చిటికెన వేలి కొసంత. చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

రోజలీ కత్తెర ఎరగని చేప!

ఆ తేనె మీద పంచదార చల్లినట్టయింది. "నేను తీసుకెళ్ళి రోజలీ చేతిలో పెడతాను, నువ్వు వెనకాల అందర్నీ పిలుచుకురా," అన్నాను మీ తాతతో. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నా డెల్ఫీనేనా?" అన్నాడు.

మన పద్ధతి నీకు తెలుసు కదా. చంటిపిల్లలా రెండు చేతుల్లో పట్టుకోవాలి, తల ఏటికి ఎదురుగా ఉండాలి, దారిలో నేల మీద దించకూడదు. అమ్మ కత్తి నడుముకు దోపుకుని ఒడ్డమ్మట నడిచాను. నడుస్తూ మాటలు నూరుకున్నాను. 'చూడవే, నీ షెడ్డు లేకపోయినా చేప వచ్చింది. నీ గుడ్లు, నీ కత్తెర, నీ రేడియో ఏవీ అక్కర్లేకుండా వచ్చింది. ఇది నీది కాదు.' ఏ మాట ముందు, ఏ మాట వెనక అని మార్చి మార్చి పేర్చుకున్నాను. చివర 'ఇది నీది కాదు' అన్నదే బాగుందనిపించింది.

వాగు మలుపులో విల్లో పొదలుంటాయి చూడు, అక్కడికి వచ్చేసరికి చప్పుడు వినపడింది. గాజు పగులుతున్నట్టు చిన్న చప్పుడు, ఆగి ఆగి. కొమ్మల సందులోంచి చూశాను.

తడక దగ్గర రోజలీ ఒక్కతే ఉంది. ఒడ్డు పొడవునా నీళ్ళ మీద పలచగా మంచు పొర కట్టేసింది. అది చేతిలో పారతో ఆ పొరను పగలగొడుతోంది. పగలగొట్టి, ముక్కల్ని పారతో నీళ్ళ కిందికి అదిమి, నాలుగడుగులు వేసి మళ్ళీ పగలగొడుతోంది. మధ్యలో ఆగి దగ్గుతోంది, వంతెన కేసి చూస్తోంది హాస్కెల్ కారు వస్తోందేమోనని. వెనక్కి తిరిగేసరికి మొదట కొట్టిన చోట మళ్ళీ పొర కడుతోంది. మళ్ళీ అక్కడికి పోతోంది.

దాని దగ్గు ఏమీ మారలేదు. బడి నుంచి సెలవులకు వచ్చినప్పుడు గోడవతల నుంచి వినపడిన దగ్గే.

నేను పొదల వెనక్కి జరిగి, చేపను నా మోచేతి మడతలో పొదువుకుని, కత్తి తీశాను. ఒక్క గీతే. తెగిన ముక్కను ఏప్రను జేబులో వేసుకున్నాను.

తర్వాత పొదలు దాటి, "రోజలీ," అని పిలిచాను.

అది తిరిగి చూసింది. పార దాని చేతిలోంచి ఎప్పుడు జారిందో దానికే తెలియదు. నీళ్ళలోంచి పైకి వచ్చి, నిద్రపోతున్న పిల్లను అందుకున్నట్టు అందుకుంది. చెయ్యి వీపు మీదుగా మెల్లగా జారింది, తోక దగ్గర బొటనవేలు ఆగింది.

పసిపిల్లప్పుడు తెగిన రెక్క మానిపోయి నున్నగా ఉంటుంది. ఇప్పుడు తెగినది తడిగా ఉంటుంది. ఎన్ని వేల రెక్కలు కత్తిరించిన చెయ్యి దానిది! బొటనవేలు తీసి చూసుకుంది. కాస్త ఎర్రగా అంటింది. నా కళ్ళలోకి చూసింది.

అప్పటికే జనం పరుగున వస్తున్నారు. ముందు మీ తాత, వెనక ఇగ్నేస్‌ను చెరో రెక్కా పట్టుకుని ఇద్దరు, హాస్కెల్, సూపు గిన్నెతో సహా పళ్ళ డాక్టరు.

"రెక్క? రెక్క తెగుందా?" అని హాస్కెల్ రొప్పుతూ అడిగాడు.

రోజలీ బొటనవేలు చొక్కాకు తుడుచుకుంది.

"తెగింది," అంది. "చూసుకో."

హాస్కెల్ వంగి చూశాడు. తెగిందా లేదా అన్నదే వాడికి కావాలి, ఎప్పుడు తెగిందన్నది కాదు. "సరే మరి," అని తన మాటకు తానే తలూపుకుని టోపీ తీశాడు. జనం కేక పెట్టారు.

ఆ గోలలో రోజలీ నా చెవి దగ్గరికి వచ్చింది. "అమ్మ కత్తి ఇంకా పదునుగానే ఉందక్కా."

తర్వాత అందరికీ వినపడేలా అంది: "అక్క కోస్తుంది. దీన్ని ఎలా కోయాలో నేను చూడలేదు. చూసింది అక్క ఒక్కతే."

ఫిర్ చెట్టు కొమ్మలు పరిచారు. ట్రౌట్ కోసేటప్పుడు ముందు తల తీసేస్తాం, ఏళ్ళ తరబడి అదే అలవాటు. నా కత్తి కూడా ముందు తల దగ్గరికే పోయింది. పోయి ఆగింది. మా అమ్మ తల తీసేది కాదు. నడిముల్లుకు తల అంటుకునే ఉండాలి, లేకపోతే దానికి దారి తెలియదనేది. పొట్ట వైపు నుంచి కత్తి పెట్టాను, ఆ తర్వాత కోసింది నేను కాదు, అమ్మే. ముల్లు విరగకుండా, తలతో సహా, మల్లెదండలా లేచి వచ్చింది. రోజలీ పాడింది. గొంతు బొంగురు, మధ్యలో రెండుసార్లు దగ్గు. అయినా నాకు తెలియని మాటలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, కుళ్ళు ఎక్కడికి పోతుంది?

నిప్పుల మీద కాల్చి అందరికీ గోరంత ముక్క పెట్టాం. పేచీ ఉన్నవాడికి కూడా పెట్టాలి కాబట్టి హాస్కెల్‌కూ పెట్టాం. రోజలీ తన ముక్కను నాలుక మీద ఉంచుకుని చాలాసేపు నమలలేదు.

"ఇంతకాలం నువ్వొక్కదానివే దాచుకున్న రుచి ఇదా?" అంది. "చిన్నప్పుడు నువ్వు దీని సంగతి చెప్పినప్పుడల్లా నీ జుట్టు పీకాలనిపించేది."

మీ తాత నా వైపు చూసి కనుబొమలెగరేశాడు.

చివర ఎముకలన్నీ కొమ్మల మీదే ఏరుకుని మేమిద్దరమే వాగులోకి తీసుకెళ్ళాం. అన్నీ నీళ్ళకు తిరిగి ఇచ్చేయాలి, ఒక్కటి తక్కువైనా చేప మళ్ళీ రాదు. వదిలేముందు అడగడం ఆచారం.

"అన్నీ ఉన్నాయా?" అని అడిగింది రోజలీ.

"ఉన్నాయి."

అది కదల్లేదు. అరచెయ్యి చాపి నా ముందు పెట్టింది. నేను ఏప్రను జేబులోంచి ఆ ముక్క తీసి అందులో పెట్టాను.

దాన్ని వేలితో తిప్పి చూసింది. "ఇది నా షెడ్డు పిల్ల కాదక్కా. పక్క లోయదీ కాదు, వాటి పోలికలు నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ డ్యాము కిందే తరం తర్వాత తరం కాచుకుని కూర్చుంది. మెట్లు పడగానే ఎక్కి వచ్చేసింది. ఇది మనది. అమ్మ కోసిన చేపల పిల్ల." నవ్వింది. "అవి మిగల్లేదని నేను ఊరూరా చెప్పాను చూడు."

"ఆ మాట హాస్కెల్‌తో చెబితే..."

"దారి తప్పిన చేపంటాడు. వాడికి తెగిన రెక్క కావాలి. నువ్విచ్చావుగా," అని ఆ రెక్కను ఎముకల మీద పెట్టి, అన్నిటినీ కలిపి నీళ్ళలోకి వదిలేసింది.

ఆ వారంలోనే రెక్క తెగిన చేపలు వచ్చాయి. ఎన్నొచ్చాయంటే, తడక ఒక పక్క ఒరిగిపోయింది. రోజలీ పగలగొట్టినా పగలగొట్టకపోయినా ఆ మంచు మీద ఇంకెవరి చూపూ లేదు. లారీలు ఆగిపోయాయి. రెండు వేసవులు మన గదులు ఖాళీగా పడి ఉన్నాయి, ఇంట్లో బీన్సు తిని తిని మీ అమ్మ అలిగి కూర్చునేది. ఆ తర్వాత ఎర్రబడ్డ వాగును చూడటానికే జనం రావడం మొదలుపెట్టారు, మీ తాతకు కప్పల్ని తిప్పే అవసరం రాలేదు.

తెగిన రెక్కల చేపలు వాగులో గుడ్లు పెట్టాయి, ఆ పిల్లలకు రెక్కలొచ్చాయి. ఇప్పుడు ఏది పక్క లోయదో, ఏది అమ్మదో దేవుడు కూడా చెప్పలేడు. ఇది అమ్మదని చెప్పగలిగిన ఒక్క చేపా ఆ రోజు నా చేతుల్లో ఉండింది.

రోజలీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్నటి చలికాలంలో కన్నుమూసేదాకా నాతో కూడా మళ్ళీ అనలేదు. కోపంలో ఒక్కసారైనా 'నువ్వే కదా కోసింది' అని దెప్పి ఉంటే, నేనూ నాలుగు అని సమానమైపోయేదాన్ని. అనలేదు. పాటలో నన్ను దాటింది సరే, చేపల్లో దాటింది సరే, ఆఖరికి మంచితనంలో కూడా నన్ను దాటేసి పోయింది. దాని సమాధి మీద పూలు పెడుతూ కూడా నాకు కుళ్ళే.

కాబట్టి విను నడీన్. ఆ రెక్క ఇప్పుడు నీళ్ళలో లేదు, ఏ ఫోటోలోనూ లేదు. ఇన్నాళ్ళూ నా నోట్లో ఉంది, ఇవాళ నీ చెవిలో వేశాను. నీ పిల్లలకు చెప్పు, వాళ్ళ పిల్లలకు చెప్పమను. నా కుళ్ళు సంగతి చెబితే చెప్పు, దాస్తే దాచు, నీ ఇష్టం. కానీ మొదటి చేప ఇంటికి వచ్చిన రోజున దాని వీపు మీద రెక్క ఉందని, అమ్మమ్మ వేలితో తాకి చూసిందని, అది మాత్రం మరిచిపోకుండా చెప్పు.